ముసలమ్మ పుట్టిన ఏడు

రవాణా ఆఫీసు రికార్డు గదికి మంచి పేరు లేదు.

పగలు అది మామూలు గదే. పొడుగాటి వసారా చివర, మరుగుదొడ్లు దాటాక, ఆకుపచ్చ తలుపు. లోపల పైకప్పు దాకా చెక్క అరలు, అరల నిండా బండ్ల రిజిస్టర్లు. ఒక్కో పుస్తకం చంటిపిల్లంత బరువు. పగలు అక్కడికెళ్లి వచ్చినవాడికి తుమ్ములు తప్ప ఇంకేమీ పట్టవు.

కానీ సాయంత్రం ఆరింటికి మెయిన్ స్విచ్ కట్టేశాక, ఆ గదిలో ఎవరో పేజీలు తిప్పుతారని చెప్పుకునేవారు.

తొందరగా కాదు. ఒక పేజీ... కాసేపు ఆగి... ఇంకో పేజీ. మధ్యలో ఒక దగ్గు.

ఎనిమిదేళ్లలో ముగ్గురు వాచ్‌మన్లు మానేశారు. మొదటివాడు కారణం చెప్పలేదు. రెండోవాడు చెప్పాడు గానీ ఎవరూ రాసుకోలేదు. మూడోవాడు రాజీనామా కాగితంలో "ఆరోగ్యం సరిగా ఉండటం లేదు" అని రాసి, పక్కన "ఈ ఆఫీసులో" అని చేర్చాడట.

ఈ సంగతి నాకు చెప్పినావిడ డ్రైవింగ్ నేర్పుతుంది. ఇరవై రెండేళ్లుగా భయపడేవాళ్ల పక్క సీట్లో కూర్చున్న మనిషి. దయ్యాలంటే నమ్మకముందా అని అడిగితే, "పక్కవాళ్లు బ్రేకు తొక్కుతారనే నమ్మను, దయ్యాల దాకా ఎందుకు?" అంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

ఆవిడ భర్త కార్ల బాడీ మెకానిక్కు. పదకొండేళ్ల కిందట ఒక తుప్పు పట్టిన పాత కారుని షెడ్డుకి లాగించుకొచ్చాడు. పంతొమ్మిది వందల అరవై రెండు మోడలు. దానికి ముసలమ్మ అని పేరు పెట్టాడు. పగలంతా ఊళ్లోవాళ్ల బండ్లు, సాయంత్రం ముసలమ్మ. ఒక తలుపు కుదరడానికి ఏడాది పట్టింది. దొరకని బోల్టులు తనే చేసుకున్నాడు.

"నాతో మాట్లాడినదానికంటే దాంతోనే ఎక్కువ మాట్లాడారు," అందావిడ, ఫిర్యాదేమీ లేకుండా.

ఆఖరి పూత రంగు ఆరిన తొమ్మిదో రోజున అతనికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, సగం మాట పోయాయి. మంచం కిటికీ పక్కకి జరిపించుకున్నాడు. అక్కణ్నుంచి షెడ్డు కనిపిస్తుంది. షెడ్డులో ముసలమ్మ కనిపిస్తుంది. ఇక అతనికి మిగిలిన పని అదొక్కటే — చూడటం.

ఆ తర్వాత నోటీసు వచ్చింది.

రూలు చిత్రమైనది. నలభై ఏళ్లు దాటిన బండిని తుక్కు కింద పట్టుకుపోతారు. యాభై దాటితే మాత్రం పాతకాలపు బండి అని గౌరవంగా ఉండనిస్తారు. ముసలిదైతే తుక్కు, మరీ ముసలిదైతే ముద్దు. అరవై రెండు మోడలుకి భయమేమీ లేదు. కానీ ఆఫీసు రిజిస్టరులో ముసలమ్మకి ఎదురుగా ఉన్న అంకె అరవై రెండు కాదు. డెబ్బై తొమ్మిది.

శనివారం పొద్దున లారీ వస్తుంది. శుక్రవారం సాయంత్రం ఐదు లోపు ఆ అంకె మారాలి.

ఏడు వారాలుగా ఆవిడ తిరుగుతూనే ఉంది. పొద్దున ఇద్దరికి స్టీరింగ్ నేర్పి, ఆఫీసుకొచ్చి, టోకెన్ తీసుకుని, బల్ల మీద కూర్చుని, పిలిచాక ఇంకో కాగితం కావాలనిపించుకుని, ఇంటికెళ్లి, మందులు మింగించి, పక్క సర్ది... రోజూ గుమ్మంలో చెప్పులు విప్పకముందే మంచం మీంచి అదే మాట.

"మా...రిందా?"

"రేపు."

గురువారం మధ్యాహ్నం సెక్షన్ సూపరింటెండెంటు ముందు నిలబడింది. ఆఫీసంతా ఆమెని మేడమ్ అంటారు. మనిషి చెడ్డది కాదు. బల్ల మీద ఫైళ్ల గుట్టకి అటువైపు నుంచి కళ్లు మాత్రం కనిపిస్తాయి.

"బానెట్ కింద కంపెనీ ప్లేటుంది మేడమ్. అరవై రెండని చెక్కి ఉంది."

"ప్లేటు ఎవరైనా చెక్కించుకోవచ్చమ్మా. మీ ఇంట్లో అయితే చెక్కేవాడే ఉన్నాడు."

"ఆయన చెయ్యి లేవదు మేడమ్."

మేడమ్ కళ్లు కిందికి దించింది. "నేను అనుమానించటం లేదు. రూలు చెబుతున్నాను. రెండిట్లో ఒకటి కావాలి. ఆ అంకె రాసిన గుమాస్తా వచ్చి, పొరపాటు నాదేనని సంతకం పెట్టాలి. లేదంటే ఆయన దేన్ని చూసి నకలు రాశారో, ఆ అసలు పుస్తకం దొరకాలి."

"ఆ గుమాస్తా ఎక్కడుంటారు?"

మేడమ్ ఫైలు మూసేసింది.

"అది కుదరదు. పుస్తకం వెతికించుకోండి."

రికార్డు కీపరు సెలవులో ఉన్నాడు. తాళంచెవి అటెండరు దగ్గరుంది. అతను ఇదిగో అదిగో అంటూ, మధ్యాహ్నాన్ని సాయంత్రం చేశాడు. ఆఫీసు ఖాళీ అయింది. మెయిన్ స్విచ్ కట్టేశారు. ఆవిడ బల్ల మీంచి లేవలేదు.

"పొద్దున్నే చూద్దామమ్మా."

"పొద్దున కీపరు లేడు, మీకు తీరదు. మధ్యాహ్నం మేడమ్‌కి తీరదు. ఐదింటికి నా గడువే తీరిపోతుంది. ఇప్పుడే చూస్తాను."

"ఇప్పుడా!" అటెండరు వసారా చివరికి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "చూడమ్మా, నాకు ఇద్దరు పిల్లలు. చీకటి పడితే నేను ఆ గుమ్మం తొక్కను."

"నేను తొక్కుతాను. తాళంచెవి ఇవ్వండి."

"మీకు మాత్రం ఇంట్లో ఎవరూ లేరా?"

"ముసలమ్మ ఉంది."

"అత్తగారా?"

"అంతకంటే ఎక్కువే."

అటెండరు తాళంచెవి, ఒక టార్చిలైటు ఇచ్చాడు. "మెట్ల దగ్గరే కూర్చుంటాను. ఏదైనా అయితే గట్టిగా కేకెయ్యండి... నేనైతే రాను. ఎవరినైనా పంపిస్తాను."

తాళం ఆవిడే తీసింది. తుప్పు పట్టిన తాళం, రెండుసార్లు తిప్పితే గానీ రాలేదు. తలుపు తెరిస్తే పాత కాగితం వాసన ముఖానికి తగిలింది.

టార్చి వెలుగులో ఒక్కో అర మీది నంబర్లు చదువుకుంటూ నడిచింది. మొదటి వరస... రెండో వరస... కాళ్లు పీకుతున్నాయి. పొద్దున తిన్న రొట్టె ముక్క తప్ప కడుపులో ఏమీ లేదు.

మూడో వరస దగ్గర — చప్పుడు.

ఒక పేజీ తిరిగింది.

ఆవిడ ఆగింది. టార్చి ఆర్పింది. ఎందుకు ఆర్పిందో ఆవిడకే తెలియదు.

కాసేపటికి... ఇంకో పేజీ. తర్వాత దగ్గు. సన్నగా, ఎవరినీ నిద్రలేపకూడదన్నట్టు.

"పారిపోవాలనిపించలేదా?" అని అడిగాను.

"పారిపోవాలంటే ఓపిక ఉండాలి కదండీ," అంది.

నాలుగో వరస చివర, నేల మీద ఒక చిన్న దీపం. దాని పక్కన పీట. పీట మీద ఒక ముసలాయన. కళ్లజోడు ఒకవైపు దారంతో కట్టి ఉంది. ఒళ్లో తెరిచిన రిజిస్టరు.

తల ఎత్తకుండానే అన్నాడు. "ఎవరు?"

"పని మీద వచ్చాను. మీరు ఆఫీసులో..."

"ముప్పై నాలుగేళ్లు చేశాను. గొంతు తగ్గించు. బండి నంబరు?"

చెప్పింది. ఆయన దేన్లోనూ చూడలేదు.

"అసలు పుస్తకం కోసం వచ్చావు. వెతక్కు. లేదు."

"లేదా?"

"చెదలు. ఒక అరకి అర తినేశాయి. మిగిలినవి చూసి కొత్త పుస్తకంలోకి నకలు రాయమన్నారు. పేజీలా అవి? జల్లెళ్లు. పేరుంటే నంబరు లేదు, నంబరుంటే ఏడు లేదు. గడి ఖాళీగా వదలకూడదని రూలు. ఏం రాయాలని పై ఆయన్ని అడిగాను. నింపు అన్నాడు... నింపాను."

"ఏం రాశారు?"

"ఆ ఏడు కాలెండరులో ఏ అంకె ఉంటే అది."

ఆవిడకి అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. "డెబ్బై తొమ్మిది."

"నీ బండి ఒక్కటే కాదమ్మా. మూడొందల పదిహేడు బండ్లు. అన్నీ ఒకే ఏడు పుట్టాయి."

అరవాలనుకుంది. మీరు నింపిన ఒక్క గడి వల్ల మా ఇంట్లో మంచం మీద మనిషి శనివారం కోసం భయపడుతూ పడుకున్నాడని అనాలనుకుంది. కానీ అక్కడే నేల మీద కూలబడింది.

ముసలాయన ఒళ్లోని పుస్తకం ఆవిడ వైపు తిప్పాడు. పేజీకి ఒక సన్నని కాగితం చీటీ అంటించి ఉంది. చీటీ మీద బండి నంబరు, సరైన ఏడు, అది ఎలా తెలిసిందో ఒక ముక్క. తర్వాతి పేజీకి ఇంకో చీటీ.

"దిద్దను," అన్నాడు. "దిద్దే అధికారం ఇప్పుడు నాకు లేదు. చీటీ పెడతాను, అంతే."

"ఈ బండ్లన్నీ ఇంకా తిరుగుతున్నాయా?"

"ఎక్కడివి? ముప్పావు వంతు ఎప్పుడో తుక్కయిపోయాయి."

"మరి ఈ చీటీలెందుకు?"

"పేజీ ఉందిగా."

దీపం కాస్త కదిలింది.

"నాకు చీటీ వద్దు," అందావిడ మెల్లగా. "సంతకం కావాలి. తప్పు మీదేనని."

ముసలాయన ఒళ్లోని రిజిస్టరు మూసేశాడు.

"ఒక్కదానికి పెడితే మూడొందల పదిహేడూ నా నెత్తిన పడతాయి."

"పడతాయి."

"మా అమ్మాయి నన్ను చాలా గొప్ప ఉద్యోగి అనుకుంటుంది. ఒక్క కొట్టివేత లేకుండా రిటైరయ్యానని అందరికీ చెప్పుకుంటుంది."

"మా ఆయన ఒక్క బోల్టు తప్పు లేకుండా ఆ బండిని నిలబెట్టారు. ఎవరికీ చెప్పుకోలేరు. మాట రాదు."

ముసలాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. సంచీలోంచి తెల్లకాగితం తీసి, ఒళ్లోని రిజిస్టరు మీద పెట్టి రాయడం మొదలుపెట్టాడు. గుండ్రటి అక్షరాలు. ఎక్కడా ఆగలేదు, కొట్టెయ్యలేదు. కింద సంతకం.

కాగితం అందుకుంటుంటే ఆయన వేళ్లు తగిలాయి. చల్లగా ఉన్నాయి. "గదే చల్లగా ఉందనుకోండి," అని ఆవిడే నాతో అంది.

వసారా ఇటు చివర మెట్ల మీద అటెండరు నిలబడి ఉన్నాడు.

"ఎవరితోనమ్మా మాట్లాడుతున్నారు?"

"లోపల పెద్దాయనతో."

"ఏ పెద్దాయన?"

"చీటీలు అంటిస్తున్నారు. మీ ఆఫీసాయనే."

అటెండరు ఒక మెట్టు కిందికి దిగాడు. "లోపల ఎవరూ ఉండరమ్మా... తాళం మీ చేత్తోనే కదా తీశారు."

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. ఆకుపచ్చ తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల వెలుగు లేదు.

తాళం వెయ్యడానికి కూడా అటెండరు రానన్నాడు. ఆవిడే వెళ్లింది. గుమ్మంలో నిలబడి, "పెద్దాయనా..." అని పిలిచింది. పలకలేదు. పేజీ తిరగలేదు. తలుపు మూసి తాళం వేసి, పరిగెత్తకుండా నడిచి వచ్చానని చెప్పింది. పరిగెత్తకపోవడం కష్టమైందట.

ఇంట్లో అదే మాట. "మా...రిందా?"

"రేపు. ఈసారి నిజంగా రేపే."

రాత్రి మూడుసార్లు లేచి ఫైలు తెరిచి చూసుకుంది. సంతకం ఉంది. సిరా ఆరిపోయింది. అంతే.

శుక్రవారం టోకెన్ పిలిచేసరికి నాలుగు దాటింది.

మేడమ్ కాగితం చదివింది. మళ్లీ చదివింది. లేచి వెళ్లి ఒక పాత ఫైలు తెచ్చుకుంది. రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టి చూసింది. మనిషి ముఖంలో రంగు తగ్గడం ఆవిడ గమనించింది. స్టీరింగు ముందు మొదటిసారి కూర్చున్నవాళ్లలో ఆ రంగు రోజూ చూస్తుంది.

"ఇది మీకెక్కడిది?"

"ఆయనే రాసిచ్చారు."

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం. రికార్డు గదిలో."

చుట్టుపక్కల బల్లల వాళ్లు ఇటు తిరిగారు.

మేడమ్ పాత ఫైలుని ఆవిడ వైపు తిప్పింది. గుమాస్తా పేరు, ఉద్యోగంలో చేరిన తేదీ, రిటైరైన తేదీ. కింద ఇంకో గడి. అందులో — "మరణించారు." పక్కన ఎనిమిదేళ్ల కిందటి ఏడు.

"చచ్చిపోయినాయన మీకెలా రాసిచ్చారమ్మా?" మేడమ్ గొంతు గుసగుసలా వచ్చింది. "ఇది దొంగ సంతకమని నేను రాస్తే మీ బండి మాట అటుంచండి, మీ మీద కేసవుతుంది."

గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. ఆవిడకి చల్లటి వేళ్లు గుర్తొచ్చాయి... వెలుగు లేని తలుపు గుర్తొచ్చింది... ముసలమ్మ ఇక లేదన్నమాట. కేసు సంగతి తర్వాత. ముందు, ఇంటికెళ్లి ఆ మంచానికి ఏం చెప్పాలి?

"సంతకం నాదేనమ్మాయ్."

గొంతు వెనకనుంచి వచ్చింది. సన్నగా, ఎవరినీ నిద్రలేపకూడదన్నట్టు.

గదిలో ఎవరో కుర్చీ పడేశారు. అటెండరు చేతిలోని ఫైళ్లు నేల మీద పరుచుకున్నాయి.

వరసలో, ఇద్దరి వెనక, దారం కట్టిన కళ్లజోడుతో ముసలాయన నిలబడి ఉన్నాడు. చేతిలో టోకెను.

"నాది నలభై ఒకటి. ఇంకా పిలవలేదు," అన్నాడు. "కాగితం ఒక్కటే సరిపోదని ఇంటికెళ్లాక గుర్తొచ్చింది. రాసినవాడు ఎదుట ఉండి ఒప్పుకోవాలి. పాత రూలు."

"మీరు... లోపలికెలా..." అటెండరు గోడకి అతుక్కుపోయాడు.

"వెనక తలుపు. తాళంచెవి నేను అప్పగించలేదు. అప్పగించమని ఎవరూ అడగలేదు. వసారాలో మీ మాటలు వినిపించి భయమేసి దీపం ఆర్పి వెళ్లిపోయాను."

ఎవరో నవ్వారు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు, ఎందుకంటే ముసలాయన బల్ల దగ్గరికొచ్చి పాత ఫైలులో తన గడి చదువుకుంటున్నాడు. నిదానంగా, వేలు పెట్టి.

"ఇదెవరు రాశారు?"

మేడమ్ తల దించుకుంది. గడి పక్కన పొట్టి సంతకం ఆమెదే.

"నేనప్పుడు కొత్త సార్. ఎవరో ఇలాగే బండి గురించి అర్జీ పెట్టుకున్నారు. మీకు ఉత్తరం పంపాం. ఇల్లు మారారని తిరిగొచ్చింది. ఫారంలో రెండే గడులు. వాంగ్మూలం జతచేయబడింది, లేదా మరణించారు. ఏం రాయాలని పై ఆయన్ని అడిగాను..."

"నింపమన్నాడా?"

"నింపమన్నారు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపు గురించి డ్రైవింగ్ టీచరు నాకు చెబుతూ, "తోబుట్టువులు కూడా అలా చూసుకోరండీ," అంది.

మేడమ్ గడియారం చూసింది. నాలుగున్నర. పై ఆఫీసరు ఐదింటికి వెళ్లిపోతాడు. ఒక్కో దిద్దుబాటుకి ఒక ఫారం, రెండు నకళ్లు, మూడు సంతకాలు. ఎంత పరిగెత్తినా ఒక్క ఫైలే అవుతుంది.

"ముందు మిమ్మల్ని దిద్దాలి సార్. రికార్డులో బతికి లేని మనిషి చేత..."

"అక్కర్లేదు. నీ ఎదుట ఇంకోసారి సంతకం పెడతాను, నువ్వు సాక్షి సంతకం పెట్టు. చెల్లుతుంది." ముసలాయన అప్పటికే జేబులోంచి పెన్ను తీశాడు. "ముందు బండిది రాయి తల్లీ. దాన్ని రేపు పట్టుకుపోతారు. నాకు తొందర లేదు, సోమవారం వస్తాను."

అయిదుకి నాలుగు నిమిషాలుండగా రిజిస్టరులో డెబ్బై తొమ్మిది మీద ఎర్రసిరా గీత పడింది. పక్కన అరవై రెండు వచ్చింది.

ఆ సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పకముందే, మంచం మీంచి మాట రాకముందే, "మారింది," అని చెప్పింది. అతను కిటికీ వైపు తిరిగి చాలాసేపు చూశాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు. ఆవిడ వంట చెయ్యలేదు. కుర్చీలోనే నిద్రపోయింది. శనివారం లారీ వచ్చి, కాగితం చూసి, ఖాళీగా పోయింది.

సోమవారం మేడమ్ పాత ఫైలు బల్ల మీద తెరిచి పెట్టుకుంది. ఫారాలు నింపి సిద్ధంగా ఉంచింది. ముసలాయన రాలేదు. మంగళవారం రాలేదు.

బుధవారం ఆయన కూతురు వచ్చింది. ఆదివారం తెల్లవారుజామున నిద్రలోనే పోయారని చెప్పింది.

ఇప్పుడు పాత ఫైలులో మరణించారన్న గడిలో తప్పు ఒక్కటే ఉంది — ఏడు. దాన్ని దిద్దాలంటే రాసిన గుమాస్తా, పొరపాటు నాదేనని సంతకం పెట్టాలి.

మేడమ్ ఇంకా పెట్టలేదు.